ఎర్ర కొండచిలువ పిల్ల ఆకుపచ్చగా మారుతోంది, కానీ మచ్చలు మచ్చలుగా. ఇది మామూలేనా?

శీను_ఫ్రిస్కో:

అందరికీ నమస్తే. పెంపుడు పాము గురించి అడుగుతున్నా, పడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

మేముండేది టెక్సస్‌లో, డల్లాస్ దగ్గర. పోయినేడాది ఇక్కడి రెప్టైల్ ఎక్స్‌పోలో ఒక బ్రీడర్ దగ్గర గ్రీన్ ట్రీ పైథాన్ పిల్లని కొన్నా. పేరులో గ్రీన్ ఉందిగానీ పిల్ల మాత్రం ముదురు ఎరుపు, అచ్చం ఎండుమిరపకాయ రంగు, వీపు మీద వరసగా తెల్లటి మచ్చలు వాటి చుట్టూ నల్లంచు, కంటి మీదుగా ఒక తెల్లగీత. పెద్దయ్యాక ఆకుపచ్చ అవుతుందని తెలుసు, అసలు ఆ మారడం ఇంట్లో కూర్చుని చూద్దామనే కొన్నా. దాని తోబుట్టువు ఒకటి, అదే తల్లి గుడ్లలోంచి వచ్చిందే, పసుపురంగుది, మా టీమ్‌లో తమిళబ్బాయి తీసుకున్నాడు. వాడిది థాంక్స్‌గివింగ్‌కి నిమ్మపండులా ఉంది, న్యూ ఇయర్‌కి వాళ్ళింటికెళ్ళి చూస్తే దాదాపు మొత్తం పచ్చగా అయిపోయింది.

నాది చూస్తే ఏడాది నిండింది, ఇప్పుడిప్పుడే పక్కల్లో ఒక్కో పొలుసు విడివిడిగా ఆకుపచ్చ తిరుగుతోంది, ఒక పొలుసు పచ్చగా ఉంటే దాని పక్కది ఇంకా ఎర్రగానే ఉంటోంది, వీపంతా ఎరుపూ కాదు పచ్చా కాదు బురదరంగు. చూడ్డానికి ఏదో జబ్బు చేసినట్టుంది. మా ఆవిడైతే "బంగారంలాంటి పామును తెచ్చి ఏం చేశావ్ దాన్ని" అంటోంది, మొదట ఇంట్లోకే రానివ్వనన్నది ఈవిడే. కుబుసం విడిస్తే తేటగా వస్తుందేమో అనుకున్నా, విడిచింది, కింద మళ్ళీ అదే బురదరంగు.

ఎన్‌క్లోజర్, అంటే పాము ఉండే పెట్టె, పగలు వేడి వైపు 30 డిగ్రీలు, రాత్రి 25, హ్యుమిడిటీ రోజులో 50 నుంచి 80 మధ్య పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వారానికో చిట్టెలుక పిల్ల, ఫ్రోజెన్‌ది కరిగించి ఇస్తున్నా, వెనక్కి తిప్పికొట్టింది లేదు. అమ్మినాయన బియాక్ రకం (బియాక్ అనే దీవి పాము) అన్నాడు, తండ్రి పాము ఫొటో కూడా చూపించాడు. ఒక గ్రూపులో అడిగితే ఒకడు యూవీ లైటు పెట్టు రంగు తొందరగా తిరుగుతుంది అన్నాడు, ఇంకొకడు మేత పెంచు, సైజు వస్తే రంగు దానంతటదే వస్తుంది అన్నాడు. ఏది నమ్మాలి? ఇంకోటి, రాత్రి లైట్లు ఆపాక తోక చివర నల్లటి ముక్కని పురుగులా ఆడిస్తోంది, అది నరాల జబ్బు ఏమైనానా?

గోదారి_బుల్లోడు:

అయ్యబాబోయ్, పొద్దున్నే ఇది కనిపించిందండీ నాకు. మీరు డబ్బులు పెట్టి కొన్నారా?! మా వేపు కొండచిలువ చెరువు గట్టు మీద కనపడితే ఊరు ఊరంతా కర్రలట్టుకుని పరిగెడతారు. ఇంతకీ కరిస్తే విషం ఉంటదాండీ దానికి? ఊరికే అడుగుతున్నా.

పద్మజ_బ్రిస్బేన్:

బుల్లోడు గారూ, విషం లేదు, ఏ కొండచిలువకీ ఉండదు. కానీ దీనికి ముందుపళ్ళు బాగా పొడుగు, కరిస్తే రక్తం మాత్రం గట్టిగానే వస్తుంది.

శీను గారూ, నేను పెంచేది కార్పెట్ పైథాన్, ఇక్కడ క్వీన్స్‌లాండ్‌లో లైసెన్సు మీద. గ్రీన్ పైథాన్ నా దగ్గర లేదు కానీ అడవిలో చూశాను. ఆస్ట్రేలియా మొత్తంలో అవి ఉండేది ఉత్తరాన చివర, కేప్ యార్క్ వైపు కొంచెం వర్షారణ్యంలోనే, లాక్‌హార్ట్ రివర్ దగ్గర కుటిని పయాము నేషనల్ పార్కు, పాతపేరు ఐరన్ రేంజ్. మిగతావన్నీ న్యూ గినీ, దాని చుట్టుపక్కల దీవులు. మేము హెడ్‌టార్చి పెట్టుకుని రాత్రి దారి పక్కన నడుస్తుంటే మోకాలి ఎత్తు కొమ్మ మీద పసుపు పిల్ల ఒకటి కనిపించింది, అంత చీకట్లో అంత పసుపు ఏంటా అనుకున్నా, కొమ్మకి చుట్టలు చుట్టుకుని తల మధ్యలో పెట్టుకుని ఉంది. తోక మాత్రం కిందకి వేలాడేసి మెల్లగా ఆడిస్తోంది. మీరడిగింది అదే. అది జబ్బు కాదండీ, ఎర. తోక చివర పురుగు అనుకుని బల్లి దగ్గరకొస్తే పట్టేస్తుంది. మీ దానికి ఆకలేసి వేటకి కూర్చుందని అర్థం, అంతే, సంతోషపడండి.

అదే అడవిలో డేవిడ్ విల్సన్, రాబర్ట్ హైన్‌సన్, జాన్ ఎండ్లర్ అని ముగ్గురు ఈ రంగు మార్పు మీదే పనిచేసి 2007లో పేపర్ వేశారు. నాకు చాలా నచ్చిన పేపర్ అది, ఎందుకంటే పాము రంగు మన కంటికి ఎలా ఉందో కాకుండా పక్షి కంటికి ఎలా కనిపిస్తుందో లెక్కగట్టి చూశారు, ఈ పిల్లల్ని ఎత్తుకుపోయేవి ఎక్కువగా పక్షులే కదా. పిల్లలు ఉండేది నేలకి దగ్గరగా, అడవి అంచుల్లో, చెట్టు కూలి కాస్త వెలుగు పడే చోట, అక్కడ ఎండుటాకులూ పసుపాకులూ కొమ్మలూ అన్నీ కలగలిసి ఉంటాయి, ఆ నేపథ్యంలో ఎరుపు పిల్ల ఒకచోట కలిసిపోతే పసుపు పిల్ల ఇంకోచోట కలిసిపోతుంది. పెద్దవి పైన ఆకుల్లోకి వెళ్ళిపోతాయి, అక్కడ ఆకుపచ్చే దాక్కునే రంగు. మేత కూడా అలాగే మారుతుంది, చిన్నప్పుడు పురుగులు, నలికిరి లాంటి చిన్న బల్లులు, పెద్దయ్యాక ఎలుకలూ పక్షులూ. అంటే ఇల్లు, మేత, రంగు మూడూ కలిసే మారతాయి. బల్లి నుంచి ఎలుకకి మారాలంటే నోరు పట్టాలి కదా, అందుకే అక్కడ మార్పు వయసుని బట్టి కాకుండా సైజుని బట్టి కనిపించింది, సుమారు 55, 60 సెంటీమీటర్ల దగ్గర, దాదాపు ఏడాది వయసులో.

అక్కడ పసుపువి మారడం మొదలుపెడితే 5 నుంచి 10 రోజుల్లో పని అయిపోయిందట! ఎర్రపిల్ల అడవిలో మారుతుండగా మాత్రం వాళ్ళకి దొరకలేదు. కాబట్టి మీ ఫ్రెండ్ దానితో పోల్చుకోకండి. పసుపుది ఆకుపచ్చ అవ్వాలంటే దారి దగ్గర, ఎరుపుది చాలా దూరం రావాలి, మధ్యలో మీరు చెప్పే ఆ బురద స్టేజి దాటక తప్పదు.

కూకట్‌పల్లి_కుర్రాడు:

బ్రో సూపర్ ఉంది ఫొటో పెట్టు. హైదరాబాద్‌లో ఇది ఎంతకి దొరుకుద్ది? ఇన్‌స్టాలో ఒకడు పెట్టాడు, పేపర్లు అక్కర్లేదు డెలివరీ కూడా ఇస్తా అంటున్నాడు.

చందు_పాములు_పట్టేటోడు:

తమ్మీ, పేపర్లు అక్కర్లేదు అన్నోని దగ్గర ఎలుకను కూడా కొనకు.

నేను హైదరాబాద్‌ల పాముల రెస్క్యూ చేస్త, రోజూ ఫోన్లు వస్తయి, ఎక్కువ జెర్రిపోతులు, నాగుపాములు, వానకాలం ల కొండచిలువలు గూడ. ఈ ఫారిన్ పాములు మనదేశంల ఇదివరకు ఎట్ల నడిచిందంటే మన చట్టంల వాటి పేరే లేకుండె, అందుకే ఎవడు పడితే వాడు అమ్మిండు. 2022ల వన్యప్రాణి చట్టం సవరించిన్రు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లకొచ్చింది, ఇప్పుడు సైటిస్ (అంతరించే జంతువుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) లిస్టుల ఉన్న జంతువులన్నీ దాంట్ల నాలుగో షెడ్యూల్ కింద పడ్డయి. కొండచిలువల కుటుంబం మొత్తం ఆ సైటిస్ లిస్టుల ఉంది, ఈ గ్రీన్‌ది గూడ. 2024ల రూల్స్ గూడ వచ్చినయి, ఇంట్ల అట్లాంటిది ఉంటే పరివేష్ అనే సర్కారు పోర్టల్ ల రిజిస్టర్ చేసుకోవాలె, కొత్తగ చేతికొస్తే 30 రోజులల్ల చెయ్యాలె, పిల్లలు పెట్టినా చచ్చిపోయినా చెప్పాలె. నీ ఇన్‌స్టా దోస్తు పేపర్లు లేవు అంటున్నడంటే అది బ్యాంకాక్ నుంచి ఎవడో సూట్‌కేస్ ల, సాక్సుల చుట్టి తెచ్చినదై ఉంటది. చెన్నై ఎయిర్‌పోర్టుల కస్టమ్సోళ్ళు ఎన్నిసార్లు పట్టుకున్నరో పేపర్ల చూస్తలేవా? దాంట్ల చానా దారిలనే చస్తయి.

మన దేశపు కొండచిలువ అయితే అసలు మాటనే లేదు, అది ఒకటో షెడ్యూల్, ఇంట్ల పెట్టుకుంటే 3 నుంచి 7 ఏండ్లు జైలు.

శీనన్నా నువ్వు అమెరికాల ఉన్నవ్, నీ లెక్క వేరే. కానీ ఆ బ్రీడర్ దగ్గర అది అక్కడనే పుట్టిందని కాయితం ఉంటే దాచుకో. పాము మస్తు సక్కగున్నట్టుంది.

వేణు_వెట్_తిరుపతి:

నేను పశువుల డాక్టర్‌ని. దినమూ చూసేది ఆవులూ కుక్కలే అనుకోండి, కానీ పాములంటే చదువుకునేటప్పటి నుంచీ పిచ్చి. రంగు ఎట్లా మారుతుందో చెప్తా, అది తెలిస్తే మీ భయం సగం పోతుంది.

పాము చర్మంలో రంగుకి సంబంధించిన కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. పైన పసుపు పిగ్మెంటు ఉండేవి, కొన్నింట్లో ఎరుపుది కూడా. వాటికింద చిన్నచిన్న స్ఫటికాలు నింపుకున్న కణాలు, వీటిలో రంగు లేదు, కానీ మీద పడిన వెలుతురులో నీలాన్ని వెనక్కి కొడతాయి. అన్నిటికన్నా అడుగున నల్లటి మెలనిన్ కణాలు, మిగిలిన వెలుతురుని మింగేసేది అవే. ఆకుపచ్చ పిగ్మెంటు అనేది ఈ పాములో ఎక్కడా లేదు! కింద నుంచి వచ్చే నీలం పైనున్న పసుపులోంచి బయటికి వస్తే మన కంటికి ఆకుపచ్చ. నమ్మకం లేకపోతే ఏ కాలేజీ జువాలజీ ల్యాబులోనైనా సీసాలో పెట్టిన పాత పసిరిక పాముని చూడండి, నీలంగా ఉంటుంది, ఎందుకంటే స్పిరిట్‌లో పసుపు కరిగిపోయి కింది నీలం మాత్రం మిగిలిపోతుంది.

ఇప్పుడు మీ పిల్ల సంగతి. పసుపు పిల్లకి పసుపు ముందే ఉంది, కింద నీలం ఏర్పాటు కుదిరితే చాలు ఆకుపచ్చ కనపడుతుంది. ఎర్రపిల్లకి ఆ ఎరుపు తగ్గాలి, పసుపు బయటపడాలి, నీలం కుదరాలి, ఇవన్నీ ఒక్కో పొలుసులో ఒక్కో వేగంతో జరుగుతాయి. ఎరుపు ఇంకా పోకుండానే ఆకుపచ్చ మొదలైతే రెండూ కలిసి ఏమవుతుంది? మీరు చెప్పిన బురదే అవుతుంది. కాబట్టి ఒక పొలుసు పచ్చగా పక్కది ఎర్రగా ఉండడంలో వింతేం లేదు.

ఇంక కుబుసం. పాము విడిచేది పైన ఉండే చచ్చిన పొర, రంగు కణాలు ఉండేది దాని కింద బతికున్న చర్మంలో. కుబుసం తర్వాత రంగు తేటగా కనిపిస్తుంది, మెరుపు వస్తుంది, అంతవరకే. మార్పు రోజూ లోపల జరుగుతూనే ఉంటుంది. మీరు గమనించే ఉంటారు, కుబుసానికి ముందు కళ్ళు పాలు పోసినట్టయి ఒళ్ళంతా మసకబారుతుంది, ఆ టైములో ఫొటో తీసి రంగు వెనక్కి పోతోందని మాత్రం భయపడొద్దప్పా.

మరి జబ్బు ఎప్పుడు అనుకోవాలి అంటే, రంగుతో కాదు. నోరు కొంచెం తెరిచి పెట్టుకోవడం, ఊపిరి తీస్తుంటే ఈల శబ్దం, ముక్కు దగ్గర బుడగలు, కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడటం, పగలంతా కొమ్మ వదిలేసి కింద నేల మీద పడుండటం, పొలుసుల సందుల్లో గసగసాలంత నల్లపురుగులు. వీటిల్లో ఒకటి కనపడినా పాములు చూసే వెట్ దగ్గరికి పోవాల. ఇవేవీ లేకుండా తింటా, నీళ్ళు తాగతా, రాత్రి తోక ఆడిస్తా ఉంటే దానికేం కాలేదు. యూవీ లైటు పెడితే తప్పు లేదు, పెట్టకపోయినా నష్టం లేదు, రంగు తొందరగా తిరగడానికి మాత్రం పనికిరాదు.

రాజా_ఓహియో:

పైన డాక్టరు గారు చెప్పింది కరెక్ట్. మిగతాది నేను చెప్తా, కొంచెం కటువుగా ఉంటుంది ఏమనుకోకు శీనూ, ఈ పాములతో చాలా ఏళ్ళుగా ఉన్నా, మా బేస్‌మెంట్ అంతా ఇవే.

ముందు మేత. "మేత పెంచు రంగు వస్తుంది" అన్నవాడి మాట అస్సలు వినకు. పద్మజ గారు చెప్పింది అడవి పాము సంగతి, అది సైజు పెరిగాక మారింది అంటే సైజు పెంచితే మారుతుంది అని కాదు. మన ఇళ్ళల్లో అదే సైజులో ఒకటి ఆరు నెలలకే పచ్చబడుతుంది, ఒకటి రెండేళ్ళకీ అవ్వదు, వంశాన్ని బట్టి ఉంటుంది. ఈ పాము కొమ్మ మీద కూర్చోడానికి పుట్టింది, రోజంతా కదలదు, ఎక్కువ మేపితే ఒళ్ళు వస్తుంది, మలం లోపల గట్టిపడుతుంది, కిందనుంచి పేగు బయటికి వచ్చేస్తుంది, ప్రొలాప్స్ అంటారు, ఈ జాతిలో పిల్లలు పోవడానికి అదొక పెద్ద కారణం. నీ వారానికొకటి సరిపోతుంది, ఇంకాస్త పెరిగాక పదిరోజులకి ఒకటి చెయ్యి. మేత తర్వాత పొట్ట ఉబ్బు తగ్గకముందే ఇంకోటి పెట్టకు. రాత్రి బాగా మిస్టింగ్ చెయ్యి, అంటే నీళ్ళు సన్నగా స్ప్రే చెయ్యి, చుట్టల మీద పడిన నీళ్ళు తాగుతుంది, చాలావరకు మలబద్ధకం అక్కడే తీరిపోతుంది. పగలు ఆరనివ్వు, ఇరవై నాలుగ్గంటలూ తడి పెడితే చర్మం పాడవుతుంది.

తర్వాత బియాక్ సంగతి. బియాక్ అనేది న్యూ గినీకి ఉత్తరాన ఉన్న దీవి, ఇండోనేషియాది. అక్కడి పాములు పెద్దగా పెరుగుతాయి, కోపం ఎక్కువ, రంగు మారడం చాలా నెమ్మది, ఏళ్ళు పడుతుంది, పెద్దయ్యాక కూడా పసుపు మచ్చలు మిగిలిపోతాయి. కాబట్టి నీది నిజంగా బియాక్ అయితే ఏడాదికి మొదలుపెట్టడమంటే తొందరే. కానీ నిజంగా బియాక్ అని ఎవరు చెప్పారు? అమ్మినాయన. ఇక్కడ పాములు ఎన్ని తరాలుగా కలిపి బ్రీడ్ చేశారో వాళ్ళకే తెలీదు, మనోక్వారీ, సోరాంగ్, జయపుర, అరు అని ఊర్ల పేర్లు పెట్టి అమ్ముతారు, సగం అంచనాలే. దిగుమతి అయినవాటి సంగతి ఇంకా ఘోరం, 2011లో లయన్స్, నటుష్ అని ఇద్దరు ఇండోనేషియాలో తిరిగి తేల్చింది ఏంటంటే ఫారాల్లో పుట్టాయని చెప్పి ఎగుమతి చేస్తున్న గ్రీన్ పైథాన్లలో కనీసం 80 శాతం అడవిలో పట్టినవే. ఎక్కువ పట్టింది బియాక్ చుట్టుపక్కలే. అందుకని బియాక్ అనగానే నేను మొదట అడిగేది రంగు కాదు, ఇక్కడ పుట్టిందా, తల్లిదండ్రులు ఎవరు, గుడ్డు ఎప్పుడు పగిలింది, ఇవన్నీ రాసిన కాయితం ఉందా. చందు చెప్పింది అదే మాట.

పైగా 2020లో సైంటిస్టులు దీన్ని రెండు జాతులుగా విడగొట్టారు. న్యూ గినీ మధ్యలో ఉన్న పెద్ద కొండల వరసకి దక్షిణాన, అరు దీవులు, ఆస్ట్రేలియాలో ఉన్నవి మొరీలియా విరిడిస్, ఉత్తరానివి బియాక్‌తో కలిపి మొరీలియా అజురియా. పాత కీపర్లు ఇప్పటికీ కాండ్రో అనే అంటారు, పాత పేరు కాండ్రోపైథాన్ నుంచి వచ్చింది. అంటే ఇన్నాళ్ళూ మన బేస్‌మెంట్లలో ఈ రెండిటినీ కలిపేసి పిల్లల్ని తీశారన్నమాట. అలాంటప్పుడు నీ దాని రంగు ఎప్పుడు ఎలా మారాలో ఏ చార్టూ చెప్పలేదు.

తండ్రి ఫొటో చూసి అదే రంగు వస్తుందని ఆశపెట్టుకోకు. తండ్రికి వీపు మీద నీలం ఉంటే పిల్లకి రావచ్చు రాకపోవచ్చు. పూర్తిగా పచ్చబడ్డాక కూడా కొన్నేళ్ళు మారుతూనే ఉంటాయి. ఆడవి కొన్ని గుడ్లతో ఉన్నప్పుడు నీలం తిరుగుతాయి, హార్మోన్ల వల్ల, కొన్నింట్లో ఆ నీలం అలాగే ఉండిపోతుంది. ఎక్కువ రేటుకి "ఇది నీలం అవుతుంది" అని పిల్లల్ని అమ్మేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట.

చివరిది, ఇది రంగు కన్నా ముఖ్యం. రంగు చూద్దామని, ఫొటో తీద్దామని దాన్ని కొమ్మ మీంచి పీకొద్దు. పిల్లప్పుడు తోకని కొమ్మకి గట్టిగా చుట్టుకుని ఉంటుంది, లాగితే తోక వెన్నుపూస దెబ్బతిని అక్కడ వంకర పడిపోతుంది, అది జీవితాంతం పోదు. ఆడా మగా చూడ్డానికి ప్రోబ్ (తోక దగ్గర లోపలికి పెట్టే సన్నటి కడ్డీ) పెట్టించడం కూడా బాగా పెరిగేదాకా ఆపు. కొమ్మనే ఊడదీసేలా పెట్టుకో, పెర్చ్ (అది కూర్చునే కొమ్మ) మొత్తం పాముతో సహా బయటికి తీసి బల్ల మీద పెట్టి ఫొటో తీసుకుని అలాగే లోపల పెట్టెయ్. పాముకి తను కదిలినట్టే తెలీదు. పెర్చ్ లావు పాము నడుము లావంత ఉంటే చాలు.

పద్మజ_బ్రిస్బేన్:

రాజా గారూ, ఒక్క చిన్నమాట, సైజుకీ రంగుకీ సంబంధం లేదని నేననను. అడవిలో ఉంది, అది చాలా స్పష్టంగా ఉంది. కానీ మేపి తొందరపెట్టొద్దు అన్న మీ మాటతో నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా.

రాజా_ఓహియో:

అడవిలో ఉందండీ, కాదనను. అక్కడ మొత్తం పాములు ఒకే చోటివి, ఒకే వంశం. ఇక్కడ మనవి నాలుగు ఊర్ల కలగాపులగం, అందుకే స్కేలు పట్టుకుని కొలిచి ఇన్ని సెంటీమీటర్లకి మారాలి అంటే నేను ఒప్పుకోను. ఈ విషయంలో ఇంతకుముందు కూడా చాలామందితో గొడవపడ్డా.

శీను_ఫ్రిస్కో:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. డాక్టరు గారూ మీరు చెప్పిన లక్షణాలు ఒక్కటీ లేవు, నిన్న రాత్రి ఎలుకపిల్లని ఇస్తే కొమ్మ మీంచే వేలాడుతూ లాక్కుంది. సీసాలో నీలం పాము సంగతి మా ఆవిడకి చదివి వినిపించా, ఆమె ఇంటర్లో బైపీసీ, వాళ్ళ కాలేజీ ల్యాబులో అలాంటిది చూసిందంట, అప్పట్లో అది నీలం పాము అనే అనుకుందంట. ఇప్పుడు రోజూ తనే టార్చి వేసి కొత్తగా ఏ పొలుసు మారిందో నాకు చూపిస్తోంది.

కాయితం ఉంది రాజా అన్నా, గుడ్డు పగిలిన తేదీ, తల్లిదండ్రుల నంబర్లు, అన్నీ ఉన్నాయి, ఒహియోలోనే పుట్టింది మీ దగ్గర్లోనే. బియాక్ అన్నది మాత్రం ఎక్కడా రాసిలేదు, నోటితో అన్నాడంతే.

రెండు డౌట్లు. ఒకటి, ఫొటోలు తీస్తే ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా వస్తోంది, ఫోనే ఏదో రంగు మార్చేస్తోంది అనిపిస్తోంది, పోల్చడం ఎలా? రెండు, ఇక్కడ 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకి కరెంటు రోజుల తరబడి పోయింది, అప్పుడు నా దగ్గర పాము లేదు. మళ్ళీ అలాంటిది వస్తే దీన్ని ఎలా కాపాడుకోవాలి?

వేణు_వెట్_తిరుపతి:

ఫోటోకి ఒక తెల్ల కాయితం చాలు. పాము పక్కన పెట్టి తియ్యండి, ప్రతిసారీ అదే కిటికీ దగ్గర, అదే టైములో, ఫ్లాష్ లేకుండా. తర్వాత చూసేటప్పుడు కాయితం అన్ని ఫొటోల్లో ఒకేలా తెల్లగా ఉందో లేదో చూసుకుని అప్పుడు పాముని పోల్చండి. ఒక ఫొటోలో కాయితమే పసుపుగా పడితే ఆ ఫొటోని లెక్కలోకి తీసుకోవద్దు. మొత్తం పాముతో పాటు ఒక చోటు ఎంచుకుని, మెడ వెనక మొదటి తెల్లమచ్చ అనుకోండి, దగ్గరగా ఇంకొకటి తియ్యండి, అసలు కథ అక్కడ తెలుస్తుంది. వీలైతే ఇక్కడ కూడా పెడుతూ ఉండండి, ఎర్రపిల్ల మారేది నేను పుస్తకాల్లో తప్ప చూడలేదు.

రాజా_ఓహియో:

కరెంటు గురించి అడగడం మంచిదైంది, చాలామంది పోయాకే అడుగుతారు. ముందు నుంచే ఒక థర్మోకోల్ పెట్టె, మందులు ఫ్రోజెన్ ఫుడ్ పార్సిల్ వస్తాయే అలాంటిది, రెండుమూడు చిన్న గాలి రంధ్రాలు పొడిచి పక్కన పెట్టుకో. పాముని కొమ్మతో సహా చిన్న ప్లాస్టిక్ టబ్‌లో పెట్టి, ఆ టబ్‌ని థర్మోకోల్ పెట్టెలో పెట్టు. వేడికి పాముల పార్సిళ్ళలో వేసే నలభై గంటల హీట్ ప్యాక్‌లు కొని ఉంచు, దాన్ని గుడ్డలో చుట్టి టబ్‌కి బయట పెట్టాలి, పాముకి తగలకూడదు, ఆ ప్యాక్‌కి గాలి కావాలి కాబట్టి పెట్టె మూత బిగించెయ్యకు. లోపల ఒక థర్మామీటరు వెయ్యి, 24, 25 దాకా ఉంటే చాలు, 30 అక్కర్లేదు. ఆ రోజుల్లో మేత పెట్టకు, చల్లగా ఉంటే అరగదు, కక్కేస్తుంది. కరెంటు వచ్చి ఎన్‌క్లోజర్ మామూలు వేడికి వచ్చి నాలుగైదు రోజులు గడిచాక మళ్ళీ మొదలుపెట్టు, అది కూడా మామూలు కన్నా చిన్న ఎలుకతో.

ప్యాక్‌లకి గడువు తేదీ ఉంటుంది, ప్రతి శీతాకాలం ముందు చూసుకో.